సశేషానికీ సశేషానికీ నడుమ

కథలు, కవితలు, వ్యాసాలు ఈమెయిల్ ఉత్తరాలుగా నేరుగా పాఠకుల చేతికి చేరుతున్న కాలమిది. మరి ఆ ఉత్తరం ఎన్నాళ్లకోసారి రావాలి?

మా పెద్దమ్మ ఇనప్పెట్టెలో ఒక నవల ఉంది. దానికి అట్ట లేదు. సచిత్ర వారపత్రికలోంచి వారం వారం చింపి, దొంతి పెట్టి, దబ్బనంతో పొడిచి పురికొసతో కుట్టిన కాగితాలవి. ఒక పేజీ వెనక సబ్బు ప్రకటన, ఇంకో పేజీ వెనక వారఫలాలు. ఆవిడ పోయాక ఆ పెట్టె నా దగ్గరికి చేరింది. నవలని మూడు రాత్రుల్లో చదివేశాను.

చదువుతుంటే రెండు సంగతులు పంటికింద రాయిలా తగులుతూ వచ్చాయి. ప్రతి భాగం మొదట్లో, కథానాయిక ఎవరి కూతురో, ఊరు విడిచి ఎందుకొచ్చిందో గుర్తుచేసే రెండు మూడు వాక్యాలు. ప్రతి భాగం చివర ఒక తలుపు చప్పుడో, టెలిగ్రామో, వెనక నుంచి ఎవరో పిలవడమో. దాని కింద 'సశేషం'. వరసగా చదివే నాకు ఇవి అడ్డొచ్చాయి. పెద్దమ్మకి అడ్డు రాలేదు. ఆవిడకి ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య ఏడు రోజులు ఉండేవి. ఆ ఏడు రోజుల్లో పాల లెక్కలు, పిల్లల జ్వరాలు, చుట్టాల రాకపోకలు ఉండేవి. నాకు అనవసరమనిపించిన ఆ వాక్యాలే ఆవిడ చెయ్యి పట్టుకుని మళ్లీ కథలోకి తీసుకెళ్లేవి. వారం అనే గడువు ఆ నవల వాక్యాల్లోకి ఇంకిపోయింది. తర్వాత కుట్టి పుస్తకం చేసినా బయటికి పోలేదు.

ఇది అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. రెండేళ్ల కిందట నేను కూడా ఈమెయిల్లో ఒక ఉత్తరం మొదలుపెట్టాను. కొత్త కథ, లేదంటే రాత గురించి చిన్న వ్యాసం. చందా లేదు. తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు, అంతా కలిపి మూడు వందల లోపే. ప్రతి ఆదివారం పొద్దున్నే పంపుతానని మొదటి ఉత్తరంలోనే మాటిచ్చాను. పదకొండు వారాలు నిలబెట్టుకున్నాను. పన్నెండో వారం చేతిలో పూర్తయిన కథ లేదు. మా నాన్న సైకిల్ షాపు మీద రాస్తున్నది ఒకటి సగం పైన అయింది. శనివారం రాత్రి కూచుని దానికి ఒక ముగింపు అతికించి పంపేశాను.

ఆ కథ తలుచుకుంటే ఇప్పటికీ మనసు నొచ్చుకుంటుంది. పంక్చర్ వేసే ముందు నాన్న ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందా అని ఊపిరి బిగబట్టి చూసేవాడు. ఆ చూపు కోసమే కథ మొదలుపెట్టాను. ముగించే తొందరలో ఆ తొట్టి దగ్గరికి మళ్లీ వెళ్లనే లేదు. పత్రికకి ఇచ్చిన కథయితే ప్రూఫు చూసేప్పుడు దిద్దుకోవచ్చు, సంపుటిలో వేసేప్పుడు మార్చుకోవచ్చు. ఇన్‌బాక్స్‌లో పడ్డ కథ పడ్డదే. చదివిన మూడు వందల మందికీ మా నాన్న ఇప్పటికి అంతే.

ఆవకాయ కలిపాక మూడో రోజు జాడీ మూత తీసి తిరగ కలుపుతారు. ఆ మూడు రోజుల్లో ముక్క ఊటతో దిగుతుంది, ఉప్పూ కారం సరిపోయాయో లేదో అప్పుడు గాని తెలియదు. కథకి కూడా అలా జాడీ కట్టి పక్కన పెట్టే రోజులు కావాలి. నేను నా పాఠకులకి కలిపిన పూటే వడ్డించాను.

పేరులోనే రోజుల లెక్క

మనం పత్రికలని పిలుచుకునే పేర్లు చూడండి. దినపత్రిక, వారపత్రిక, పక్షపత్రిక, మాసపత్రిక, ద్వైమాసిక, త్రైమాసిక. లోపల ఏముంటుందో ఈ పేర్లు చెప్పవు. ఎప్పుడొస్తుందో చెబుతాయి. పాఠకుడికిచ్చే మొదటి మాట తేదీయేనని మన భాషకి ముందే తెలుసు.

ఆ లెక్క ఎంత ఆలోచించి వేసుకోవాల్సిందో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పత్రికలు చూస్తే తెలుస్తుంది. 1908లో ఆయన బొంబాయిలో ఆంధ్రపత్రికని వారపత్రికగా మొదలుపెట్టారు. 1914లో మద్రాసు నుంచి అది దినపత్రికయింది. రోజూ తిరిగే అచ్చుయంత్రం చేతిలో ఉంది, రోజూ చదివే పాఠకులున్నారు. అయినా సాహిత్యం కోసం 1924లో 'భారతి'ని పెట్టినప్పుడు దాన్ని నెలకోసారి వచ్చేలా పెట్టారు. ఉగాదికి వచ్చే ప్రత్యేక సంచిక దాని దారి దానిది, ఏడాదికి ఒకటే. ఒకే చేతి కింద రోజుకొకటి, నెలకొకటి, ఏడాదికొకటి. వార్త పొద్దు తిరిగేసరికి వాడిపోతుంది కాబట్టి దానికి రోజు గడువు. పరిశోధన వ్యాసానికీ, పద్యానికీ, కథకీ నెల. నేను మొదటి ఉత్తరం పంపే ముందు ఈ సంగతి ఒక్కసారి తలుచుకుని ఉంటే సైకిల్ షాపు కథ నాకు దక్కేది.

గడువు మార్చుకోవడం కూడా మనకి కొత్త కాదు. కృష్ణాపత్రిక 1902లో బందరులో పక్షపత్రికగా పుట్టి వారపత్రికగా మారింది. 1926లో హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి గారు మొదలుపెట్టిన గోలకొండ పత్రిక వారానికి రెండుసార్లు వచ్చేది, తర్వాత దినపత్రికయింది. అవి రెండూ వేగం పెంచుకున్న పత్రికలు. ఇంటర్నెట్ కాలపు సాహిత్య పత్రికల్లో సారంగ వారపత్రికగా నడిచి, తర్వాత పక్షపత్రికగా స్థిరపడింది. 1998లో అమెరికా తెలుగువాళ్లు మొదలుపెట్టిన ఈమాట చాలా ఏళ్లు రెండు నెలలకోసారి వచ్చి, తర్వాత నెలనెలా రావడం మొదలైంది. ఒకటి నెమ్మదించింది, ఒకటి వేగం పెంచింది. రెండూ బతికే ఉన్నాయి. 

గడువు మారితే రచన ఎలా మారుతుందో చూడాలంటే ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్‌ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. 1836లో 'పిక్‌విక్ పేపర్స్' నెలకో భాగంగా రావడం మొదలైంది. వందల ప్రతులతో మొదలై చివరికి నలభై వేల దాకా వెళ్లింది. నెల వ్యవధి ఉంది కాబట్టి దారిలో కనపడ్డ ప్రతి సత్రంలో ఆగి, ప్రతి మనిషినీ పలకరించి సాగే కథ అది. 1854లో తన సొంత వారపత్రిక 'హౌస్‌హోల్డ్ వర్డ్స్' కోసం 'హార్డ్ టైమ్స్'ని వారం వారం రాయాల్సి వచ్చింది. చోటు చాలడం లేదని ఆయన స్నేహితుడికి మొరపెట్టుకున్నాడు. ఆయన పూర్తిచేసిన నవలలన్నిటిలోకీ అదే చిన్నది. మనిషి అతనే, కలం అదే. మారింది ఏడు రోజులా, ముప్పై రోజులా అన్నది మాత్రమే.

ఆయన జీవితంలో ఇంకో సంఘటన నాకు ధైర్యమిస్తుంది. 1837 మేలో ఆయన భార్య చెల్లెలు మేరీ హోగార్త్ పదిహేడేళ్ల వయసులో హఠాత్తుగా పోయింది. డికెన్స్ రాయలేకపోయాడు. ఆ నెల పిక్‌విక్ భాగం రాలేదు. తర్వాతి భాగంలో ఎందుకు రాలేదో పాఠకులకి చెప్పుకున్నాడు. వాళ్లు ఆయన్ని వదిలిపెట్టలేదు.

ఎవరి సరుకు ఎక్కణ్ణుంచి

వారం వారం తప్పకుండా, ఏళ్ల తరబడి ఉత్తరాలు పంపేవాళ్లు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. వాళ్లని చూసే నేనూ వారం అనుకున్నాను. మరియా పపోవా 2006లో ఏడుగురు సహోద్యోగులకి మెయిల్ పంపడంతో మొదలుపెట్టింది. ఇవాళ 'ది మార్జినేలియన్' పేరుతో ఆ ఉత్తరం ఆదివారం ఆదివారం వెళ్తోంది. ఆస్టిన్ క్లియాన్ శుక్రవారం శుక్రవారం పది సంగతుల చిట్టా పంపుతాడు. వాళ్ల నిలకడ చూసి నాకు గౌరవం. కానీ వాళ్ల ఉత్తరాల్లో ఉండేదేమిటో నేను ఆలస్యంగా గమనించాను. చదివిన పుస్తకాలు, చూసిన బొమ్మలు, విన్న పాటలు. సరుకు బయటి నుంచి వస్తుంది, రోజూ వస్తుంది. దాన్ని ఏరి, తన మాటతో కూర్చి అందించడానికి వారం సరిగ్గా సరిపోతుంది.

మన దగ్గర మాలతీ చందూర్ గారి 'ప్రమదావనం' అలాంటిదే. ఆంధ్రప్రభ వారపత్రికలో నాలుగు దశాబ్దాలకు పైగా ఆ శీర్షిక నడిచింది. అన్నేళ్లు ఎలా రాయగలిగారని ఆశ్చర్యపోతాం గాని, ఆ బావికి ఊట పాఠకుల ఉత్తరాల్లోంచి వచ్చేది. వాళ్లు అడిగేవారు, ఆవిడ చెప్పేవారు. ప్రశ్నలు ఆగనంత కాలం శీర్షిక కూడా ఆగదు. ఆవిడే నవలలు కూడా రాశారు. వాటి గడియారం వేరు.

ఒకే మనిషిలో రెండు గడియారాలు ఎలా తిరుగుతాయో చూడాలంటే జార్జ్ సాండర్స్ ఉన్నాడు. 2017లో బుకర్ బహుమతి అందుకున్న అమెరికన్ రచయిత. 2021 చివర్లో 'స్టోరీ క్లబ్' అనే ఈమెయిల్ ఉత్తరం మొదలుపెట్టి, వారానికి రెండుసార్లు పంపుతూ వచ్చాడు. అందులో ఉండేవి ఎక్కువగా ఇతరుల కథల మీద పాఠాలు, పాఠకుల ప్రశ్నలకి జవాబులు. ఆయన సొంత కథ 'ది సెంప్లికా గర్ల్ డైరీస్' పూర్తవడానికి మాత్రం పదేళ్లకు పైగా పట్టింది. ఆ కథని వారానికి రెండుసార్ల లెక్కలో ఎవరూ పెట్టలేదు, ఆయనా పెట్టుకోలేదు.

అందుకే కొత్తగా ఉత్తరం మొదలుపెట్టాలనుకునేవాళ్లు నన్నడిగితే ముందు ఒకటే అడుగుతాను. నువ్వు పంపబోయేది బయట దొరికేదా, లోపల ఊరేదా? చదివిన పుస్తకం మీద మాట, ఊరి కబురు, రాతలో మెలకువ అయితే వారం బాగుంటుంది. వారం దాటితే నీకే చెయ్యి ఆడదు. సీరియల్ నవలకి కూడా వారమే మంచిది, ఎందుకంటే పాఠకుడు పాత్రల పేర్లు మర్చిపోయే లోపల తర్వాతి భాగం చేరాలి. అయితే మొదటి భాగం పంపేనాటికి కనీసం సగం నవల రాసి పెట్టుకుని ఉండాలి. స్వతంత్రమైన కథ అయితే నెల. వ్యాసానికి పక్షం. కవితకి నేను గడువు చెప్పలేను. నాకు కవిత్వం రాదు.

రోజూ రావచ్చు, ముగింపు ఉంటే

రోజూ పంపడం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. అంతులేకుండా రోజూ వచ్చే ఉత్తరం రచయితనీ పాఠకుణ్ణీ ఇద్దరినీ అలసటకి గురిచేస్తుంది. కానీ ముగిసే రోజు ముందే తెలిసిన దినసరి ఉత్తరం అపురూపమైనది. మన ఇళ్లలో అది ఎప్పటి నుంచో ఉంది. కార్తీక పురాణం ముప్పై అధ్యాయాలు, కార్తీకమాసంలో రోజుకొకటి. గోదాదేవి తిరుప్పావై ముప్పై పాశురాలు, ధనుర్మాసంలో రోజుకొకటి. ఆ నెల తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తుంది. మా అమ్మ కార్తీకంలో దీపం పెట్టాక ఆ రోజు అధ్యాయం చదివి పుస్తకం మూసేసేది. తర్వాతిది చదవమని మారాం చేస్తే "అది రేపటిదే" అనేది. నెల చివర పుస్తకం అటక మీదికి వెళ్లేది. మళ్లీ ఏడాది దాకా దాని కోసం ఎదురుచూడొచ్చు.

ఈ పద్ధతే ఈమెయిల్లో ఎంత బలంగా పనిచేస్తుందో 2022లో లోకం చూసింది. బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన 'డ్రాక్యులా' అంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు. ప్రతిదానికీ తేదీ ఉంటుంది. మాట్ కర్క్‌లాండ్ అనే అమెరికన్ డిజైనర్ ఆ నవలని విడదీసి, ఏ తేదీ భాగాన్ని ఆ తేదీనే పంపే 'డ్రాక్యులా డైలీ'ని 2021లో మొదలుపెట్టాడు. మే 3న మొదలై నవంబరులో ముగుస్తుంది. కొన్ని రోజులు పేజీల కొద్దీ వస్తుంది, కొన్ని రోజులు రెండు వాక్యాలే. కొన్నాళ్లు ఏమీ రాదు. కోటలో చిక్కుకున్న కుర్రాడి నుంచి కబురు లేదంటే పాఠకుడికి నిజంగానే గుండె దడదడలాడుతుంది. మరుసటి ఏడాదికి రెండు లక్షల మందికి పైగా చేరారు. నూట పాతికేళ్ల నాటి నవల, ఎప్పుడైనా ఉచితంగా దొరికేదే. ఎన్నాళ్లకోసారి పంపాలన్నది అక్కడ పంపేవాడు నిర్ణయించలేదు. కథే నిర్ణయించింది.

జపాన్‌లో ఉండే రచయిత క్రెయిగ్ మాడ్ రోజుల తరబడి కాలినడకన వెళ్తూ, నడిచినన్ని రోజులూ రోజుకో ఉత్తరం పంపుతాడు. నడక అయిపోతే ఉత్తరమూ అయిపోతుంది, ఆ చిరునామాల జాబితాని కూడా చెరిపేస్తాడు. అమెరికన్ రచయిత్రి సులైకా జవాద్ 2020 ఏప్రిల్లో, అందరం ఇళ్లలో ఇరుక్కున్న రోజుల్లో, రాసుకోవడానికి రోజుకో ప్రేరణ పంపింది. ఆ గడ్డుకాలపు ఉత్తరం తర్వాత వారానికొకటిగా నిలదొక్కుకుంది. నాకు ఈ రెండో దారి నచ్చుతుంది. అవసరం రోజూ ఉన్నప్పుడు రోజూ, తర్వాత ఊపిరి తీసుకునే వ్యవధితో.

మెయిల్ పెట్టె చెప్పే మాట

కొన్ని లెక్కలు మన చేతిలో లేవు. జీమెయిల్ 102 కిలోబైట్లు దాటిన ఉత్తరాన్ని మధ్యలో కత్తిరించి, మిగతాది చూడాలంటే ఇంకోచోట నొక్కమంటుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. యూనికోడ్‌లో తెలుగుకి హల్లుకి మూడు, గుణింతపు గుర్తుకి మూడు, పొల్లుకి మూడు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరమే పద్దెనిమిది బైట్లు. ఉత్తరం అలంకరణకి పట్టే కోడ్ కూడా కలిపితే మూడు వేల మాటలు దాటిన తెలుగు కథకి కత్తెర భయం మొదలవుతుంది. నా పెద్ద కథ ఒకటి సరిగ్గా కూతురు గుమ్మం దాటే వాక్యం దగ్గర తెగింది. చాలామంది అదే ముగింపనుకుని బాగుందని జవాబు రాశారు. పెద్ద కథని రెండుగా పంపాలి. రెండుగా పంపితే నెల గడువు నడవదు. మొదటి సగం చదివినవాళ్లని నెలరోజులు గుమ్మంలో నిలబెట్టలేం.

మరీ అరుదుగా పంపినా చిక్కే. మూడు నెలలకి ఒక ఉత్తరం వస్తే, ఎవరిదిది, నేనెప్పుడు అడిగాను అనుకుని స్పామ్ మీట నొక్కేవాళ్లుంటారు. గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవాళ్లకి నిబంధనలు బిగించింది. వెయ్యి ఉత్తరాలకి మూడు ఫిర్యాదుల దాకా రాకూడదంటుంది. మనలాంటి చిన్న జాబితాలు ఆ కొలతలోకి రాకపోయినా, మనల్ని మర్చిపోయిన పాఠకుడు మర్చిపోయినట్టే. ఎంతమంది తెరిచారన్న అంకెని నమ్ముకుని గడువు పెంచి తగ్గించేవాళ్లకి ఒక మాట. 2021లో యాపిల్ తన మెయిల్లో తెచ్చిన గోప్యత ఏర్పాటు వల్ల, మనిషి తెరవకపోయినా తెరిచినట్టు నమోదవుతుంది. ఆ అంకె కంటే జవాబుగా వచ్చే రెండు వాక్యాలు విలువైనవి.

వారం కూడా పాఠకులందరికీ ఒక్కటి కాదు. హైదరాబాదులో ఆదివారం పొద్దున ఏడు గంటలంటే, వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో శనివారం సాయంత్రం ఆరున్నర. ఇక్కడ కాఫీ గ్లాసుతో చదివేది అక్కడ వారాంతపు భోజనాల వేళకి చేరుతుంది. డాలస్‌లో తెలుగువాళ్లు ఏళ్లుగా నడుపుతున్న సాహిత్య సభ పేరు 'నెలనెలా తెలుగు వెన్నెల'. ఆ పేరు విన్నప్పుడల్లా వాళ్ల లెక్క ఎంత నింపాదిగా ఉందో అనిపిస్తుంది.

నాకు వచ్చిన జవాబుల్లో రెండు దాచుకున్నాను. పదిహేనో వారం ఉత్తరం పంపలేకపోయాను. మర్నాడు ఒక రిటైర్డు టీచరు గారు రాశారు. "నిన్న మీ ఉత్తరం రాలేదు. ఒంట్లో బాగానే ఉందా అమ్మా?" ఆయనకి ఆదివారం పొద్దున ఒక కుర్చీ, ఒక వెలుతురు, నా ఉత్తరం అలవాటయ్యాయని అప్పుడే తెలిసింది. రెండోది చంటిబిడ్డ తల్లి నుంచి. "అక్కా, నన్ను జాబితాలోంచి తీసెయ్యండి. బాగా లేక కాదు. చదవనివి ఏడు పేరుకున్నాయి. చదవకుండా చెరిపెయ్యడానికి చెయ్యి రావడం లేదు, చూసినప్పుడల్లా బాకీ ఉన్నట్టుంది." పంపే ప్రతి ఉత్తరంతో పాఠకుడి రోజులోంచి కొంత సమయం అడుగుతున్నామని నాకు చెప్పింది ఆ అమ్మాయే. పంపింది నేనైనా బాకీ తనదనుకుంది.

ఆ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టే ఆలోచించాను. తప్పని రోజు టీచరు గారికి కావాలి. ఊపిరాడే వ్యవధి ఆ తల్లికి కావాలి, నాకూ కావాలి. పోయిన నెల పాఠకులకి రాశాను. ఇక నుంచి పక్షానికి ఒక ఉత్తరం, నెలలో మొదటి ఆదివారం, మూడో ఆదివారం. మొదటిది రాత గురించి వ్యాసం, మూడోది కథ. పెద్ద కథయితే వరస ఆదివారాల్లో రెండు భాగాలు, అది ముందే చెబుతాను. మే నెలలో ఉత్తరాలు ఉండవు. ఏ ఆదివారమైనా కథ సిద్ధంగా లేకపోతే, లేదని రెండు వాక్యాలు ఆ రోజే పంపుతాను, అతికించిన ముగింపు మాత్రం పంపను. చంటిబిడ్డ తల్లికి విడిగా రాశాను. వారం తర్వాత తనే మళ్లీ చేరింది.

సైకిల్ షాపు కథని మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను. ట్యూబు తొట్టిలో మునిగింది, నాన్న వంగి చూస్తున్నాడు, బుడగ ఇంకా లేవలేదు. ఈ కథ ఏ మూడో ఆదివారం వస్తుందో పాఠకులకి చెప్పలేదు.